ఎడమ కుడైన తొమ్మిది రోజులు

ఈ మధ్య మా పాత ఆఫీసుల కొత్తగ చేరిన పిలగాండ్లు ముగ్గురు మా ఇంటికొచ్చిన్రు. నేను రిటైరైనంక అట్ల ఎవరన్న వస్తే నాకు పండుగే. చాయ్ తాగుకుంట ఒకడు అడిగిండు: "సార్, మీ సర్వీసుల బాగ గట్టి కేసు ఏదన్న చెప్పున్రి." నేను పిడుగు పడి కాలిపోయిన ఒక మిషన్ బోర్డును రెండు రోజులు కూసుండి ఎట్ల బతికిచ్చిన్నో చెప్పిన. వాళ్లు నోరు తెరుచుకొని విన్నరు, దండం పెట్టి పోయిన్రు. వాళ్లు గేటు దాటినంక నా మీద నాకే సిగ్గైంది. చెప్పాల్సింది గది కాదు. చెప్పాల్సింది కోరుట్ల ముచ్చట. ఎదురుంగ చెప్పే ధైర్యం లేక గిప్పుడు కాగితం మీద పెడుతున్న.

పండ్ల డాక్టర్ల ఎక్స్‌రే మిషన్లు బిగించుడు, ఖరాబైతే బాగుచేసుడు, నా ఉద్యోగమంత గిదే. మకాం జగిత్యాల. మా ఓనర్ చిన్న డీలర్. పనోళ్లం ఇద్దరమే: నేను, నాకు పని నేర్పిన సీనియర్. ఆయన ఫిలిం కడిగే చీకటి గదిల నుంచి వచ్చిన మనిషి. మందుల నీళ్లల్ల నాని నాని ఆయన గోర్లు గోధుమరంగుకు తిరిగినయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఈ మూడూర్ల నడుమ నా బండి తిరగని రోజు లేకుండె.

అది ఫిలిం పోయి డిజిటల్ వస్తున్న కాలం. అదే కాలంల సిరిసిల్లల సాంచాలు ఆగుతున్నయి. సాంచాలంటే బట్ట నేసే మరమగ్గాలు. ఆర్డర్లు లేక షెడ్లకు తాళాలు పడ్డయి. పొద్దుమాపు ఆ ఊరికి ఉండే చప్పుడు సగానికి సగం తగ్గింది. నేసేటోళ్లు కొందరు భీవండి పోయిన్రు, కొందరు దుబాయి, మస్కట్ బాట పట్టిన్రు. ఏ పొద్దు చూసినా కోరుట్ల బస్టాండుల తాడు కట్టిన సూట్‌కేసులు, వాటి పక్కన నిలబడ్డ ఆడోళ్లు కనిపిస్తుండె. ఆ దేశాలల్ల పండ్ల డాక్టర్ కాడికి పోవుడంటే ఒకరోజు కూలి పోవుడని, విమానమెక్కే ముందే అందరు నోరు చూపిచ్చుకునేటోళ్లు. అందుకే కోరుట్ల పండ్ల డాక్టర్లకు తీరికె లేకుండె.

అసుంటి డాక్టర్ ఒకాయన డిజిటల్ స్కానర్ కొన్నడు. నలభై ఏండ్ల మనిషి, చెయ్యి మంచిది, మాట నిమ్మళం. ఆయన కాడ ఎక్స్‌రేలు తీసేది ఒక ఆడామె. ముప్పై అయిదేండ్లుంటయి. పుట్టిల్లు ఎల్లంతకుంట దిక్కు ఒక పల్లె. భూమి లేని కుటుంబం. పెనిమిటి గల్ఫ్ పోయి మూడో ఏడు నుంచి ఫోన్ బందు చేసిండు. ఆమె కొన్నొద్దులు బీడీలు చేసి, కొడుకును తల్లి కాడ పెట్టి, అక్క ఉన్న కోరుట్లకు వచ్చి ఈ క్లినిక్ల చేరింది. ఊడ్చే పనికి చేరిన మనిషి ఆరేండ్లల్ల ఎక్స్‌రే పని మొత్తం నేర్చుకున్నది. ఫిలిం మందుల ముంచి నోట్లె అంకెలు లెక్కపెట్టుకుంట కడిగేది. ఆమె చేతుల ఒక్క ఫిలిం మసకబారలేదని డాక్టరే నాకు చెప్పిండు.

స్కానర్ సంగతి ఒక్క ముక్కల చెప్త, లేకుంటే తర్వాత జరిగింది సమజ్ కాదు. ఫిలిం బదులు ఒక సన్నటి ప్లేటు ఉంటది. దాన్ని చిన్న కవర్ల పెట్టి పేషెంటు నోట్లె పెట్టి ఎక్స్‌రే కొడతరు. తర్వాత ప్లేటును స్కానర్ల పెడితే బొమ్మ కంప్యూటర్ల వస్తది. ప్లేటుకు ఒక దిక్కు తెలుపు, ఒక దిక్కు నలుపు. తెల్ల దిక్కే పంటికి ఆనాలె. ఉల్టా పెడితే బొమ్మ అద్దంల చూసినట్టు తిరగబడ్తది, ముందటి పన్ను వెనకకు పోతది. గట్ల ఉల్టా పెట్టిన్రని పట్టిచ్చేటందుకే నల్ల దిక్కు ఒక గుండ్రటి గుర్తు పెట్టి ఉంటది. ప్లేటు ఉల్టా అయితే ఆ గుర్తు బొమ్మ మూలకు పడ్తది. మంచిగ పెడితే పడదు.

బిగించిన రోజు నేను తొందర మీదున్న. మధ్యాహ్నం దాటేసరికి సిరిసిల్లల ఇంకో మిషన్ బిగించాలె. ఒక్కరోజుల రెండు ఊర్లల్ల రెండు మిషన్లు బిగించిన మొనగాణ్ణి అనిపిచ్చుకోవాలని నా తిప్పలు. నా సంచిల పరీక్ష కోసం సున్నపు దవడ ఒకటి ఉండేది, నిజం పండ్లు గుచ్చింది. ఒక చెవికి ఫోన్ ఆనిచ్చి సిరిసిల్లోళ్లతోని మాట్లాడుకుంటనే ప్లేటు కవర్ల పెట్టిన, ఎక్స్‌రే కొట్టిన, స్కాన్ చేసిన. బొమ్మ తిరగబడి వచ్చింది.

అంతకు ముందు నెల జగిత్యాలల ఇసుంటి మిషనే సాఫ్ట్‌వేర్ గడబిడతోని బొమ్మ తిప్పి ఇచ్చింది. ఇది గదే అనుకున్న. సెట్టింగుల్ల 'మిర్రర్' అని ఒక డబ్బ ఉంటది. దాంట్ల టిక్కు పెడితే వచ్చే ప్రతి బొమ్మను సాఫ్ట్‌వేర్ తిప్పి చూపెడతది. టిక్కు పెట్టిన. బొమ్మ సక్కగైంది. ప్లేటు తీసి ఇంకొకసారి కొట్టి చూసుంటే నాలుగు నిమిషాలు పట్టేది.

ఆమె నా పక్కన నిలబడి అంత చూస్తున్నది. "సార్, మూలకు గీ గుండ్రటిది ఏంది?" అని అడిగింది.

"ప్లేటు మీది గుర్తులే చెల్లె. పట్టిచ్చుకోకు," అన్న. ఆమెకు వారం రోజుల పని ఒక్క గంటల నేర్పి, కాగితం మీద డాక్టర్ సంతకం తీసుకొని, బండెక్కిన.

తొమ్మిదో రోజు పొద్దున సిరిసిల్ల బస్టాండు కాడ చాయ్ తాగుతుంటే ఫోన్ వచ్చింది.

"సార్, కోరుట్ల పండ్ల దవాఖాన నుంచి మాట్లాడుతున్న. ఒకటడుగుత, తప్పుగ అనుకోవద్దు."

"చెప్పు చెల్లె."

"ఇప్పుడే ఒక ముసలామెకు తీసిన సార్. ఆమెకు ముందటి దవడపన్నుకు క్యాప్ ఉన్నది. బొమ్మల చూస్తే క్యాప్ వెనక పన్నుకు ఉన్నది. మళ్ల తీసిన. మళ్ల గట్లనే వచ్చింది."

"ప్లేటు సక్కగనే పెట్టినవా?"

"తెల్ల దిక్కే పెట్టిన సార్. రెండుసార్లు చూసుకొని పెట్టిన."

చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టిన. నేను బిగించిన రోజు తీసిన సున్నపు దవడ బొమ్మ తెరువుమన్న. మూలకు గుండ్రం ఉన్నదా అంటే, "ఉన్నది సార్, ఆ రోజు నేను అడిగింది గదే గద" అన్నది. ఇయ్యాల తీసిన బొమ్మల ఉన్నదా అంటే, లేదన్నది.

అప్పుడు నాకు మొత్తం తెలిసింది. ఆ రోజు ఫోన్ల ముచ్చట పెట్టుకుంట ప్లేటు ఉల్టా పెట్టింది నేను. మిషన్ల ఏ తప్పు లేదు. నా తప్పును కప్పేటందుకు సాఫ్ట్‌వేర్‌ను ఉల్టా చేసి వచ్చిన. ఆమె సక్కగ తీసిన ప్రతి బొమ్మ తిరగబడి పడుతున్నది.

నేను నవ్వుకుంట చెప్పిన. ఆ నవ్వు గిప్పటికీ నా చెవులల్ల ఉన్నది. "గుండ్రం పడ్డదంటే ప్లేటు ఉల్టా పెట్టినట్టు చెల్లె. ఆ రోజు నేనే పెట్టిన. నువ్వేం పరేషాన్ కాకు, ఇప్పుడే సరిచేద్దాం." ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు విడివిడిగ వస్తయి. సెట్టింగులు తెరిపిచ్చిన. "ఎమ్... ఐ... ఆర్... ఆర్..." అని కూడబలుక్కొని ఆమెనే ఆ డబ్బ పట్టుకున్నది. టిక్కు తీసేసింది. ముసలామెకు మళ్ల తీస్తే క్యాప్ ఉండాల్సిన కాడ ఉన్నది.

"మరి ఇన్నొద్దులు తీసినయో సార్?" అని అడిగింది.

ఆ టిక్కు తీసినా, అప్పటికే తీసిపెట్టిన బొమ్మలు మారయి. అవి ఉల్టానే ఉంటయి. ఆ సంగతి నాకెరుకే.

"తొమ్మిది రోజులవి ఉన్నయి. పేర్లు రాసి డాక్టర్ సార్‌కు ఇయ్యనా?"

"వద్దు చెల్లె. డాక్టర్ నోట్లె చూసుకొనే చేస్తడు గద, ఏం కాదు. నేను సార్‌తోని మాట్లాడుత తియ్యి."

మాట్లాడలే. సాయంత్రం చేద్దామనుకున్న. రేపు చేద్దామనుకున్న. వారమైనంక ఫోన్ చేస్తే, ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే అంటడని భయమైంది. నెల దాటినంక మర్చిపోయిన. నిజంగనే మర్చిపోయిన. మీరు నమ్ముతరో నమ్మరో.

ఎనిమిది నెలలకు, ఎండకాలం మొదట్ల, డాక్టర్ నుంచి ఫోన్. "మీరు ఇయ్యాల రావాలె," అన్నడు. గొంతు మామూలుగ లేకుండె.

క్లినిక్ బయట బల్ల మీద ఒక మనిషి కూసున్నడు. నలభై దాటి ఉంటడు. అంత ఎండల మెడ చుట్టు తువ్వాల కట్టుకున్నడు. నేను లోపలికి పోంగనే డాక్టర్ తలుపు దగ్గరికేసిండు. ఆమె మూలకు నిలబడి సామాన్లు తుడుస్తున్నది. కంప్యూటర్ల రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి ఉన్నయి.

డాక్టర్ చెప్పింది ఇది. బయటున్నది సిరిసిల్ల సాంచాల మనిషి. షెడ్డు బందైతే దుబాయికి తయారైండు. అత్తగారూరు కోరుట్ల. విమానం ఇంక రెండు రోజులున్నదనంగ ఎడమ కింది దవడ నొప్పని వచ్చిండు. ముందటి పన్ను, వెనకటి పన్ను రెండూ పుచ్చినయే. ఎక్స్‌రేల ముందటి పన్ను వేరు కింద చీము కనిపిచ్చింది. టైం లేదు గనుక అదే పీకిండు. గోలీలిచ్చి పంపిండు. గోలీలకు నొప్పి తగ్గి విమానమెక్కిండు. నెల కాంగనే మళ్ల నొప్పి. కంపెనీ క్యాంపుల నొప్పి గోలీలు మింగుకుంట పనికి పోయిండు. వాపు దవడ నుంచి గొంతుకు దిగి, ఊపిరాడక పడిపోతే దవాఖానల ఏసిన్రు. మెడ కోసి చీము తీసిన్రు. పానం దక్కింది. నోరు సగమే తెరుచుకుంటది. పని చెయ్యలేడని కంపెనీ వాపస్ పంపింది.

"ఇది ఇయ్యాల తీసింది," డాక్టర్ ఒక బొమ్మ మీద వేలు పెట్టిండు. "ఇది అప్పటిది. అప్పటిది తిరగబడి ఉన్నది. చీము వెనక పన్ను కింద ఉంటే నేను ముందటి పన్ను పీకిన. ఇది ఎట్ల తిరగబడ్డది? నాకు అది కావాలె."

పాత బొమ్మ మీద తారీఖు చూసిన. నేను బిగించిన అయిదో రోజు. మూలకు చూసిన. గుండ్రం లేదు.

ఆ నిమిషం నా మనసుల ఏమున్నదని మీరు అడగొచ్చు. ఉద్యోగం పోతదని, పిల్లల చదువులని తర్వాత నాకు నేను చాన చెప్పుకున్న. అవేవీ అప్పుడు యాదికి రాలే. బయట బల్ల మీది మనిషి మెడకు కట్టిన తువ్వాల యాదికొచ్చింది. దాని కింద ఉన్నదాన్ని చేసింది నేను అనే మాట నోట్లెకెల్లి రాలే. గంతే.

"ప్లేటు ఉల్టా పెడితే గిట్లనే వస్తది సార్," అన్న.

చూడున్రి, ఆ మాటల అబద్ధం లేదు. ఇరవై ఏండ్ల అనుభవమున్న మనిషి చెప్పిన నిజం అది. డాక్టర్ తల తిప్పి ఆమె దిక్కు చూసిండు.

"నేను ఉల్టా పెట్టలే సార్," అన్నది ఆమె. గొంతు పెంచలే. కంప్యూటర్ కాడికి వచ్చి బొమ్మ మూలకు చూపిచ్చింది. "ఇందుల గుండ్రం లేదు గద. ఉల్టా పెడితే గుండ్రం పడ్తదని మీరే చెప్పిన్రు."

డాక్టర్ నన్ను అడిగిండు: "నిజమేనా?"

ఆమె నా మొఖం దిక్కే చూస్తున్నది. ఆ చూపుల అనుమానం లేకుండె. సార్ ఇప్పుడు చెప్తడు అన్న ధీమా ఉండె.

"అన్నిసార్లు పడదు చెల్లె," అన్న.

ఆమె వేలు బొమ్మ మీదనే ఆగిపోయింది. కొంచెం సేపైనంక తీసుకున్నది. తొమ్మిదో రోజు ఫోన్ చేసిన ముచ్చట ఎత్తుతదనుకున్న. ఎత్తలే. ఎందుకు ఎత్తలేదో నాకు గిప్పటికీ తెల్వదు. ఇంత మాట అన్నోడు అదీ కాదంటడని తెలిసిపోయిందేమో. సామాన్ల ట్రే సర్ది, చేతులు కడుక్కొని బయటికి పోయింది.

బయటి మనిషికి డాక్టర్ ఈ సంగతేది చెప్పలే. నయం చేస్త, పైసలియ్యకు అన్నడు. సాయంత్రం ఆమెను పిలిచి రేపటినుంచి రావద్దన్నడు.

నేను మిషన్ చూస్తున్నట్టు నటించి ఆ పొద్దంత ఆడనే ఉన్న. ఆటోల అడ్డ కాడ ఆమె టిఫిన్ డబ్బ పట్టుకొని నిలబడితే బండి ఆపిన.

"చెల్లె, నాకు జగిత్యాలల నలుగురు డాక్టర్లు తెలుసు. ఎవరికన్న చెప్పి పనిల పెట్టిస్త."

"ఏం చెప్తరు సార్ వాళ్లకు?" అన్నది. "ప్లేటు ఉల్టా పెడ్తదని చెప్తరా?"

ఆటో వచ్చింది. ఎక్కి పోయింది.

తర్వాత పదకొండు నెలలు నేను ఆ క్లినిక్‌కు సర్వీసుకు పోతనే ఉన్న. ఆమె జాగల ఒక కొత్త పిల్లను పెట్టుకున్నరు. ఆ పిల్లకు పని నేను నేర్పిన. గుండ్రం గుర్తు ముచ్చట వచ్చినప్పుడు, "ఇది పడ్డదంటే ప్లేటు ఉల్టా అయినట్టే, ఎప్పుడూ పడ్తది" అని చెప్పిన.

మా సీనియర్ రిటైరయ్యే వారం, జగిత్యాలల ఒక హోటల్ల కూసున్నప్పుడు ఆయనకు మొత్తం చెప్పిన. ఎందుకో, ఆయన పోతే ఇంక చెప్పేటందుకు మనిషే ఉండడనిపిచ్చింది. తిడతడనుకున్న. ఆయన అడిగింది రెండే.

"ఈ పదకొండు నెలలు గా క్లినిక్‌కు పోయినవా?"

"పోయిన."

"ఆడ చాయ్ ఇస్తే తాగినవా?"

"తాగిన."

ఆయన అద్దాలు తీసి అంగీ కొసతోని తుడుచుకున్నడు. తుడుచుకుంటనే ఉన్నడు. నేను ఆ బల్ల మీదకెల్లి లేసి సీదా కోరుట్ల పోయిన.

డాక్టర్‌కు అంత చెప్పిన. టిక్కు సంగతి, తొమ్మిదో రోజు ఫోన్, పేర్లు రాయనా అంటే నేను వద్దన్నది, గుండ్రం మీద నేనాడిన అబద్ధం, ఏదీ ఇడిసిపెట్టలే. ఓనర్‌కు ఫిర్యాదు చేస్తడని, మనిషి మీదికొస్తడని తయారై పోయిన. ఆయన కుర్చిల ఎనుకకు వాలిండు.

"ఆమెను పంపిన ఆ వారంలనే నాకు తెలిసింది," అన్నడు. "అప్పటి బొమ్మలన్ని తీసి చూసిన. తొమ్మిది రోజులు అన్నీ తిరగబడే ఉన్నయి. ఒక మనిషి అన్ని ప్లేట్లు ఉల్టా పెట్టదు గద. ఎవరికన్న ఏమన్నైందా అని అందరికీ ఫోన్లు చేయించిన. ఈయన తప్ప ఎవరికీ ఏం కాలే."

"మరి ఆమెను మళ్ల పిలువలేదేంది సార్?"

"పిలిస్తే ఎందుకు పిలుస్తున్ననో చెప్పాలె. చెప్తే పేషెంటు సంగతి బయటికొస్తది." బల్ల మీది కాగితాలు సర్దిండు. "మీరు చెప్తరేమో అని నేను చూసిన. మీరు చెప్పలే. నాకు అదే నయమనిపిచ్చింది."

చదువుకున్నోళ్లం ఇద్దరం. ఒకరికొకరం సాయంగ ఆ ఆడామె మీద నేరం పెట్టి, సర్వీసు రోజు ఎదురెదురుంగ కూసుండి చాయ్ తాగినం.

నేను లేసొస్తుంటే, ఆమె దొరికితే మళ్ల పనికి రమ్మనున్రి అన్నడు డాక్టర్. ఆమె ఫోన్ నంబరు బందున్నది. ఎల్లంతకుంట దిక్కు ఆ పల్లె అడుగుకుంట పోయిన. తల్లి అరుగు మీద చాట ముందట పెట్టుకొని బీడీలు చేస్తున్నది. "కువైట్ పోయింది సారు. ఇండ్లల్ల పనికి. పోయి ఏడు నెలలాయె," అన్నది. తలుపు మీద సుద్దముక్కతోని పెద్దపెద్ద అంకెలు రాసి ఉన్నయి. "గదే నంబరు. సుక్కురారం ఒక్కపూట ఫోనిస్తరట."

శుక్రవారం చేసిన. ఎవరు అన్నది. చెప్పిన. నేను డాక్టర్ కాడికి పోయి నిజం ఒప్పుకున్నది, డాక్టర్ ఆమెను మళ్ల పనికి రమ్మంటున్నది, గడగడ చెప్పేసిన.

"రెండేండ్లకు సంతకం పెట్టిన సార్," అన్నది. "పాస్‌పోర్టు వీళ్ల కాడున్నది. ఇప్పుడెట్లొస్త?"

"తప్పైంది చెల్లె."

"చెల్లె అనకున్రి సార్." కోపంగ అనలే. అడ్డమున్న చెప్పులు పక్కకు జరుపున్రి అన్నట్టే అన్నది. వెనకాల ఎవరో పిలిచిన్రు. పోయే ముందు అడిగింది: "గా సిరిసిల్ల అన్నకు చెప్పిన్రా?"

నేను చెప్పలే. చెప్పాలన్న ఆలోచనే రాలే. ఆమెకు చెప్పుకొని నా మనసు తేలిక చేసుకోవాలనే చూసిన గని, మెడకు తువ్వాల కట్టుకున్న మనిషిని మొత్తానికే మర్చిన. ఫోన్ పెట్టేసింది. తర్వాత చానసార్లు చేసిన, ఎత్తలే. రెండేండ్లైనంక వచ్చిందని, కొడుకును తీసుకొని కరీంనగర్ల ఉంటున్నదని, ఒక పెద్ద దవాఖానల ఎక్స్‌రే గదిలనే పని చేస్తున్నదని తర్వాతెప్పుడో డాక్టర్ చెప్పిండు. నేను ఆ దవాఖాన దిక్కు పోలే.

సిరిసిల్లకు మాత్రం పోయిన, ఆ కువైట్ ఫోన్ మర్నాడే.

క్లినిక్ కాగితాలల్ల అడ్రసు దొరికింది. స్కూలు పిల్లల బట్టకు ఆర్డర్ వచ్చిందని కొన్ని షెడ్లు మళ్ల తెరిచిన్రు. అతను నాలుగు సాంచాలు నడుపుతున్నడు. ఆ చప్పుడుల నేను ఎవరినో, ఎందుకొచ్చిన్నో ఒర్రి చెప్పాల్సొచ్చింది. ఒర్రి చెప్పే మాట కాదది. అతనికి ఇనపడలే. చెవి కాడ చెయ్యి పెట్టుకొని, "ఏంది సార్?" అన్నడు. చివరికి ఒక్కొక్క సాంచ ఆపుకుంట వచ్చి, నాలుగోది గూడ ఆపి, నా ముందట నిలబడ్డడు. మెడ మీద గీత చెవి కింది నుంచి గొంతు దాక ఉన్నది.

చెప్పిన. అయిపోయినంక, "అంటే చీము వెనక పన్నుకే ఉండెనా?" అన్నడు.

"వెనక పన్నుకే ఉండె తమ్మి."

"నేను గదే చెప్పిన సార్." సగమే తెరుచుకునే నోటితోని మెల్లగ మాట్లాడిండు. "వేలు పెట్టి చూపిచ్చిన, వెనకదే గుంజుతుందని. డాక్టర్ సార్ నన్ను టీవీ కాడికి తీస్కపోయి, చూడు, ముందటిదే ఖరాబైంది అన్నడు. మిషన్ల కనిపిస్తుంటే నాకేమెరుకని ఊకున్న. నోరుండి గూడ గట్టిగ చెప్పకపోతివని మా ఇంటామె గిప్పటికీ అంటది. నాకు గూడ గట్లనే అనిపిస్తది. ఇంకొక్కసారి అని ఉంటే అయిపోవు గద అని."

నా చెయ్యి పట్టుకున్నడు. కొడతడేమో అనుకున్న. "ఇంటికి రాన్రి సార్," అన్నడు. "ఈ మాట మా ఇంట్ల చెప్పాలె."

ఇల్లు షెడ్డు వెనకనే. భార్య వాకిట్ల బియ్యం చెరుగుతున్నది. అతను నన్ను ఆమె ముందట నిలబెట్టి, "చెప్పున్రి సార్," అన్నడు. చెప్పిన. ఆమె చాట కింద పెట్టి పెనిమిటి మొఖం దిక్కు చూసింది. ఎంతసేపటికి కన్ను తిప్పలే. అతను తల వంచుకున్నడు. తిట్లు నాకు పడాలె గద. నా దిక్కే చూడలే ఆమె.

అర్రల మంచం మీద అతని తల్లి ఉన్నది. "అవ్వకు సరిగ్గ ఇనపడదు సార్. చెవుల చెప్పున్రి," అన్నడు. నేను మంచం పక్కన మోకాళ్ల మీద కూసుండి, ముసలామె చెవి కాడ గట్టిగ చెప్పిన. "అవ్వా, నీ కొడుకు చూపిచ్చిందే అసలు పన్ను. మిషన్ తప్పు చూపెట్టింది. ఆ మిషన్ను తప్పు బిగించింది నేను."

ఆమెకు అందింది. కొడుకు దిక్కు ఒకసారి చూసింది, నా దిక్కు తిరిగింది.

"మరి గీ మాట అప్పుడే ఎందుకు చెప్పలే కొడుకా?" అని అడిగింది.

అడిగి, జవాబు సరిగ్గ ఇనపడాలని, చెంగు పక్కకు జరిపి చెవి నా నోటి కాడికి తెచ్చింది. నేను ఏదన్న అంటనని ఆ ముసలామె గట్లనే వంగి చానసేపు కూసున్నది.